యానాం ఓటుతో ప్యారిస్ వెళ్లిన ఆఖరి ఎంపీ కథను మొత్తంగా చెప్పించండి: పుదుచ్చేరి శాసనసభకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పుదుచ్చేరి శాసనసభ స్పీకర్ గారికి, సభ్యులందరికీ, ముఖ్యంగా యానాం ఎమ్మెల్యే గారికి నమస్కారం.

పుదుచ్చేరిలో సముద్రం పక్కనున్న రోడ్డుకు గుబేర్ అవెన్యూ అని పేరు. ఊరి మధ్యలోని పెద్ద మార్కెట్టుకూ గుబేర్ పేరే. మీరు కూర్చునే సభ 1963 జులై 1న శాసనసభగా మారినప్పుడు మొదటి ముఖ్యమంత్రి కూడా ఎదువార్ గుబేరే. ఇదంతా మీకు తెలిసిందే. అంతకు పన్నెండేళ్ల ముందు ఆయన ఇంకో సభలో సభ్యుడు. 1951 జూన్ ఎన్నికల్లో ఫ్రెంచి ఇండియా తరఫున గెలిచి, ప్యారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీకి వెళ్లారు. ఆయనకు ఆ సీటు ఇచ్చిన ఎన్నికలో పుదుచ్చేరి, కారైకాల్, మాహేతో పాటు మన యానాం కూడా ఉంది. ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీలో యానాం తెలుగువాళ్లకు ఆఖరి ప్రతినిధి ఆయనే. ఆయన రాజకీయ జీవితంలోని ఆ భాగం గురించే ఈ ఉత్తరం.

నేను యానాం పొరుగువాడిని. గోదావరి గట్టు మీద పెరిగినవాళ్లకు యానాం పరాయి ఊరు కాదు. చుట్టాలుంటారు, సంబంధాలు కలుపుకుంటారు, పనుల కోసం పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు. ఆ ఊళ్లో విమోచన గురించి మాట్లాడే సభలకు వెళ్లాను, వేదికల మీద పెద్దలు చెప్పింది విన్నాను. నేను విన్న ప్రసంగాల్లో గుబేర్ 1954 మార్చిలో హఠాత్తుగా ప్రత్యక్షమవుతారు, జెండా ఎగరేస్తారు, అక్కడితో ఆయన పాత్ర అయిపోతుంది. దానికి ముందు ఏడేళ్లు ఆయన ఏం చేశారో, ఎవరి పక్షాన నిలబడ్డారో, ఎవరి ఓట్లతో గెలిచారో ఎవరూ చెప్పరు. ఇది చిన్న లోటు అని నేను అనుకోను. ఆ ఏడేళ్లూ తీసేస్తే ఆయన పక్షం మారడం ఎంత పెద్ద విషయమో వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ముందు ఆ సీటు సంగతి చూడాలి. బానిసత్వాన్ని రద్దు చేసిన 1848 నాటి ఫ్రెంచి రిపబ్లిక్కే ఇండియాలోని తన స్థావరాలకు పార్లమెంటులో చోటిచ్చింది. తర్వాత ఫ్రాన్స్‌లో వచ్చిన చక్రవర్తి పాలన దాన్ని తీసేసింది. 1871లో మళ్లీ వచ్చింది. అప్పటి నుంచి, అంటే కాంగ్రెస్ పార్టీ పుట్టక ముందు నుంచే, ఈ చిన్న చిన్న ఊళ్ల మగవాళ్లు ప్యారిస్‌లో కూర్చునే మనిషికి ఓటు వేస్తూ వచ్చారు. 1945 నుంచి ఆడవాళ్లూ వేశారు. యానాం మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. దాని సరిహద్దు దాటితే బ్రిటిష్ ఇండియా. పక్కనే ఉన్న కాకినాడలో ఎంత చదువుకున్నవాడికైనా లండన్ పార్లమెంటుకు ఓటు లేదు. మద్రాసు శాసనసభకు ఓటుండాలన్నా ఆస్తో, పన్నో, చదువో చూపించాలి. ఇటు యానాంలో గోదావరి మీద వల వేసుకు బతికే మనిషికి ప్యారిస్ ఎంపీని ఎన్నుకునే హక్కుంది. ఒకే భాష, ఒకే ఏరు, ఒకే కులాలు, ఒకే దేవుళ్లు ఉన్నచోట రెండు రకాల పౌరసత్వాలు నడిచాయి. తెలుగువాళ్ల రాజకీయ చరిత్రలో ఇంత అరుదైన సంగతి మనం పిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి యానాం వచ్చేవారనీ, అందుకే దానికి కల్యాణపురం అని పేరొచ్చిందనీ మాత్రం అందరూ చెబుతారు. ఓటు సంగతి చెప్పరు.

అలాగని ఆ ఓటును ఆకాశానికి ఎత్తక్కర్లేదు. ఫ్రెంచి ఇండియాలో ఎన్నికలు ఎప్పుడూ శుభ్రంగా జరిగినవి కావు. ఓటర్ల జాబితాలు, పోలింగు పెట్టెలు, మేయర్ల కార్యాలయాలు ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లది. యజమానులూ కులపెద్దలూ చెప్పిన పేరుకే ఊరంతా ఓటు పడేది. గుబేర్ ఈ పద్ధతిలో పుట్టి పెరిగిన నాయకుడు, ఈ పద్ధతిని బాగా తెలిసిన నాయకుడు కూడా.

ఆయన 1894లో పుదుచ్చేరిలో, ఫ్రెంచి, భారతీయ రక్తం కలిసిన కుటుంబంలో పుట్టారు. రాజకీయాల్లో ఆయన అసలు ప్రాభవం 1947లో మొదలైంది. ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చిన ఆ ఏడాదే ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీ పెట్టారు. పేరు సోషలిస్టే గానీ, ఆ రోజుల్లో ఆ పార్టీ పని ఫ్రెంచి పాలనకు అండగా నిలబడటం. ఫ్రెంచి అధికారులకు ఊళ్లలో జనాన్ని పోగుచేయగల మనిషి కావాలి. గుబేర్‌కు అధికారుల అండ కావాలి. 1948 అక్టోబరు మునిసిపల్ ఎన్నికల్లో ఆయన పార్టీ దాదాపు అంతటా గెలిచింది. ఫ్రెంచి ఇండియా ప్రభుత్వ మండలిలో ఆయన మాటకు తిరుగులేకుండా పోయింది. ఇండియాలో కలవాలన్నవాళ్లను, కమ్యూనిస్టు నాయకుడు వి. సుబ్బయ్య అనుచరులను ఊళ్లలో భయపెట్టారు, కొట్టారు. చాలామంది సరిహద్దు దాటి ఇటు వచ్చి తలదాచుకున్నారు. యానాం నుంచి మన వైపు వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ సుబ్బయ్య పేరెత్తి వదిలేయడం న్యాయం కాదు. 1936 జులై 30న పుదుచ్చేరిలో సమ్మె చేస్తున్న మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపి 12 మందిని చంపారు. ఆ సమ్మె వెనక నిలబడ్డ మనిషి సుబ్బయ్య. ఎనిమిది గంటల పని దినం ఆ ఊళ్లో ఆ రక్తంతో వచ్చింది. గుబేర్ గురించి మాట్లాడేటప్పుడు ఆ కాలంలోనే ఇలాంటి మనుషులు కూడా ఉన్నారని, వాళ్లు గుబేర్‌కు ప్రత్యర్థులని చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

1951 ఎన్నిక గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. అప్పటి డిప్యూటీ, అంటే ప్యారిస్ ఎంపీ, లాంబెర్ సారవానే. ఆయన మొదట్లో ఫ్రాన్స్ పక్షమే, తర్వాత ఇండియాతో కలవడమే మేలన్న వైపు జరిగారు. గుబేర్ ఆయన మీద పోటీ చేశారు. ఫలితం ఎంత ఏకపక్షమంటే సారవానేకు నామమాత్రంగా ఓట్లు పడ్డాయి. అయిదేళ్లు ఎంపీగా ఉన్న మనిషి అలా తుడిచిపెట్టుకుపోవడం మామూలు పోలింగులో జరిగే పని కాదని ఏ పార్టీ కార్యకర్తైనా చెబుతాడు. అదే ఏడాది, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం అధ్యక్షుడు సూచించిన తటస్థ పరిశీలకులు ఫ్రెంచి ఇండియాకు వచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణ జరపడానికి పరిస్థితులు ఉన్నాయా లేవా చూడటం వాళ్ల పని. ఆ సేకరణ పుదుచ్చేరిలో గానీ కారైకాల్‌లో గానీ యానాంలో గానీ జరగనే లేదు. బెంగాల్లోని చందర్‌నగర్‌లో మాత్రం 1949 జూన్ 19న జరిగింది. అక్కడ ఇండియా వైపు 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114 ఓట్లు పడ్డాయి. ఆ ఊరికి దొరికిన అవకాశం మన ఊళ్లకు దొరకలేదు.

ఇక 1954. ఆ ఏడాది మొదట్లో కూడా గుబేర్ ఫ్రాన్స్ డిప్యూటీయే, ఫ్రెంచి పాలనకు ఇక్కడ ప్రధాన స్తంభం. మార్చి 18న పుదుచ్చేరి ప్రాంతంలోని మేయర్లు, మంత్రి మండలి సభ్యులు ఒక్కటై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా ఇండియాలో కలిపేయాలని తీర్మానించారు. వాళ్ల ముందు నిలబడ్డ మనిషి గుబేర్. మార్చి 31న నెట్టపాక్కంలో భారత జెండా ఎగరేసి అక్కడే తాత్కాలిక ప్రభుత్వం పెట్టారు. ప్యారిస్ అసెంబ్లీలో సభ్యుడిగా ఉన్న మనిషి ఫ్రాన్స్ నుంచి విడిపోయే ప్రభుత్వాన్ని నడిపించారు. ఏ దేశ పార్లమెంటు చరిత్రలోనైనా ఇది మామూలు ఘటన కాదు.

ఎందుకు మారారు? ఆయన్ని మెచ్చుకునేవాళ్లు దేశభక్తి అంటారు. ఆ కాలాన్ని పరిశోధించిన చరిత్రకారులు ఇంకో కారణం కూడా రాశారు. 1949లో ఇండియాతో కస్టమ్స్ ఒప్పందం తెగిపోయాక పుదుచ్చేరి రేవు నుంచి బంగారం, ఖరీదైన సరుకులు దొంగచాటుగా ఇండియాలోకి రావడం పెద్ద వ్యాపారమైంది. ఆ వ్యాపారం చుట్టూ, ప్రభుత్వ డబ్బు చుట్టూ గుబేర్ వర్గం మీద ఆరోపణలు వచ్చాయి. ఫ్రెంచి అధికారులు విచారణ వైపు కదిలారు. మరోవైపు ఇండియా సరిహద్దు బిగించింది. పర్మిట్లు, కంచెలు, సరుకుల నిలుపుదలతో ఊళ్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి. పట్టు తప్పిపోతోందని గ్రహించిన నాయకుడు గాలి ఎటు వీస్తోందో చూసి అటు నడిచారని వాళ్ల వాదన. నా అభిప్రాయం అడిగితే, రెండూ కలిసే పనిచేశాయి. స్వార్థం ఉన్నంత మాత్రాన ఆ పని విలువ పోదు. గుబేర్ కదలకపోతే 1954లో పుదుచ్చేరి అంత తేలిగ్గా, అంత తక్కువ రక్తపాతంతో చేతులు మారేది కాదు. ఆ పని మంచిదైనంత మాత్రాన ముందు ఏడేళ్లలో దెబ్బలు తిన్నవాళ్ల గాయాలు లేనట్టూ కాదు.

యానాంలో జరిగింది వేరే తీరు. అక్కడ ఆ ఏడాది జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచన పక్షం వాళ్లు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. రమణయ్య యానాం పక్కన ఫరంపేట మనిషి, ఫ్రెంచి పోలీసు ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చినవాడు. పుదుచ్చేరిలో పెద్దలు తీర్మానాలు చేస్తే, 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన ఊళ్లో సామాన్యులు వీధుల్లోకి వచ్చారు. అందుకే యానాం వాళ్లకు గుబేర్ కంటే దడాల దగ్గరి మనిషి. అది సహజం. అయినా గుబేర్‌ను వదిలేస్తే యానాం ఓటు ఎటు పోయిందో, ఎలా పోయిందో తెలియదు.

తర్వాత జరిగిందంతా మీ సభ రికార్డుల్లో ఉన్నదే. అక్టోబరు 18న కీళూర్‌లో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటేశారు. 170 మంది విలీనానికి అనుకూలం, 8 మంది వ్యతిరేకం. నవంబరు 1న పాలన ఇండియా చేతికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి 1962 దాకా పట్టింది. అల్జీరియా యుద్ధం ముగిసిన ఏడాదే అది తేలింది. ఆ ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నాక గానీ చట్టప్రకారం మన ఊళ్లు ఇండియా కాలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఈ ప్రశ్న అడిగితే దేశద్రోహం అనుకుంటారేమోనని చాలామంది అడగరు. నేను అడుగుతున్నాను. 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అక్కడి జనం ఒప్పుకోకుండా ఏ భూభాగాన్నీ ఇంకో దేశానికి ఇవ్వకూడదు. మన జనాన్ని నేరుగా అడగలేదు. వాళ్ల ప్రతినిధులను అడిగారు. ఆ ప్రతినిధుల్లో చాలామంది ఎన్నికైన పద్ధతి ఏమిటో పైన రాశాను. 1951లో ఫ్రాన్స్ పేరు చెప్పి ఓట్లు వేయించుకున్నవాళ్లే 1954లో ఇండియా పేరు చెప్పి చేతులెత్తారు. యానాం ఇండియాలో కలవడం న్యాయమని నేను మనసారా నమ్ముతాను. అడిగి ఉంటే మన జనం ఇండియానే కోరుకునేవాళ్లనీ నమ్ముతాను. అడిగి ఉండాల్సింది అని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. జనం తరఫున ఎంపీ నిర్ణయం తీసుకోవడానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు గుబేర్ జీవితం కంటే మంచి ఉదాహరణ మన ప్రాంతంలో నాకు కనిపించలేదు. పార్టీ మారే ఎంపీలను, ఎమ్మెల్యేలను రోజూ చూస్తున్న తెలుగు పాఠకులకు ఇది కొత్త ప్రశ్నేం కాదు. దేశమే మారిన ఎంపీ విషయంలో అది ఇంకా పెద్దదవుతుంది.

విలీనం తర్వాత ఆయన కాంగ్రెస్ నాయకుడయ్యారు, ముఖ్యమంత్రి అయ్యారు. 1964 సెప్టెంబరులో పదవి వి. వెంకటసుబ్బా రెడ్డియార్‌కు వెళ్లింది. గుబేర్ 1979లో చనిపోయారు. 1962 ఒప్పందం ప్రకారం ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటామని ఆరు నెలల్లోగా రాసిచ్చినవాళ్లు కొన్ని వేల మంది. వాళ్ల కుటుంబాలు ఈ రోజుకీ పుదుచ్చేరిలో, కారైకాల్‌లో ఉన్నాయి. విదేశాల్లోని ఫ్రెంచివాళ్లకు 2012 నుంచి జాతీయ అసెంబ్లీలో సీట్లు వచ్చాయి. ఇండియా అందులో 11వ నియోజకవర్గంలోకి వస్తుంది. అంటే ప్యారిస్ ఎంపీకి ఓటేసే మనుషులు పుదుచ్చేరి వీధుల్లో ఇంకా ఉన్నారు. ఇది మూసేసిన పాత పుస్తకం కాదు.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది చెబుతాను.

ఫ్రెంచి ఇండియా నుంచి ఎన్నికైన డిప్యూటీల వివరాలు దాచిపెట్టినవేమీ కావు. ఫ్రెంచి జాతీయ అసెంబ్లీ 1789 నుంచి తన సభ్యులందరి వివరాలను సికోమోర్ అనే పేరుతో ఎవరైనా చూసుకునేలా పెట్టింది. ఆ సభల చర్చలు అక్కడి అధికారిక గెజెట్‌లో అచ్చయ్యాయి. వలస పాలన కాగితాలు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కొన్ని పుదుచ్చేరిలోని జాతీయ ఆర్కైవ్స్ కేంద్రంలోనే ఉన్నాయి. ఫ్రెంచి చదవగల పరిశోధకులు పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. కావాల్సింది మీ సభ ఒక తీర్మానం చేసి కొంచెం డబ్బు కేటాయించడమే. ఆ డబ్బుతో యానాంకు సంబంధించిన ఎన్నికల కాగితాలను, ఫ్రెంచి పార్లమెంటులో యానాం పేరు వచ్చిన చర్చలను తెలుగులోకి అనువాదం చేయించండి. పుదుచ్చేరి, కారైకాల్ కాగితాలు తమిళంలోకి, మాహే కాగితాలు మలయాళంలోకి రావాలి. యానాం వాటా తెలుగులోకి రావాలి. ఖర్చు ఎక్కువవుతుందని మాత్రం యానాంను పక్కన పెట్టకండి. దూరం, భాష కారణంగా వెనకబడిపోవడం మన ఊరికి అలవాటైపోయింది.

పని పూర్తయ్యాక యానాంలో ఒక గది చాలు. పెద్ద భవనం అక్కర్లేదు. ఆ గదిలో సారవానే, గుబేర్, సుబ్బయ్య, దడాల అందరూ ఉండాలి. ఏ ఏడాది ఎవరు ఏ పక్షాన ఉన్నారో రాయాలి. 1951 ఓట్ల లెక్కలు ఊరువారీగా పెట్టాలి. 1954 మార్చి తీర్మానం పక్కనే గుబేర్ 1951లో ఫ్రాన్స్ తరఫున చేసిన ప్రచార కరపత్రాలు దొరికితే వాటినీ పెట్టాలి. గుబేర్‌ను పొగిడే బోర్డు వద్దు, తిట్టే బోర్డూ వద్దు. తేదీలు, కాగితాలు ఉంటే చూసేవాళ్లే నిర్ణయించుకుంటారు. బడి పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, మీ తాతమ్మ ప్యారిస్ పార్లమెంటుకు ఓటేసిందని చెప్పగలిగితే ఆ పిల్లలు ఓటు గురించి ఆలోచించే తీరే మారుతుంది.

ఇంకొక్క పని తొందరగా చేయాలి. 1951లో మొదటి ఓటు వేసినవాళ్లకు ఇప్పుడు తొంభై అయిదేళ్లు దాటి ఉంటాయి. మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అయుంటారు. ఆ పోలింగు రోజుల్లో పిల్లలుగా తిరిగినవాళ్లు ఇంకా కొందరుంటారు. పెట్టెలు ఎక్కడ పెట్టారు, ఎవరు వచ్చి ఎవరికి వేయమన్నారు, వేయనివాళ్లను ఏం చేశారు అన్నది ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకదు. యానాం కాలేజీ విద్యార్థులకు ఈ పని అప్పగించండి. ఫోన్లలోనే రికార్డు చేయవచ్చు. మెట్టకూరు, ఫరంపేట, కనకాలపేట, అడవిపొలం ఊళ్లకు వెళ్లి పెద్దవాళ్ల చేత మాట్లాడించమనండి. ఇష్టం లేనివాళ్ల పేరు బయట పెట్టవద్దు. తీర్మానం, నిధులు, అనువాదం ఆలస్యమైనా పర్వాలేదు. ఈ రికార్డింగులు మాత్రం రాబోయే ఆగస్టు 16 లోపు మొదలు కావాలని చేతులు జోడించి కోరుతున్నాను.

ఇట్లు,
యానాం పొరుగున ఉండే ఒక గోదావరి జిల్లా వాసి